ఏడో పాఠంలో దగ్గు

నవంబర్ 30, 2020, సోమవారం

హాట్‌స్పాట్లు వచ్చాయి. అరవై. ఒక్కోటీ అరచేతిలో పట్టే డబ్బా, చూడ్డానికి ముద్దుగానే ఉన్నాయి. టవర్ ఉంటే పనిచేస్తాయి. టవర్ ఉంటే ఇవెందుకు?

ఈ ముక్క డీన్ గారికి జూమ్‌లో చెప్పాను. ఆవిడ తల ఊపారు. ఊపుతూ ఊపుతూ అలాగే ఆగిపోయారు. లైన్ పోయింది. ఆగిపోయిన ఆ మొహాన్ని చూస్తూ పది నిమిషాలు కూర్చున్నాను, కదులుతుందేమో అని.

కాలేజీ మూతపడి ఎనిమిది నెలలు. లైబ్రరీలో నేనొక్కదాన్నే. పుస్తకం అడిగేవాళ్ళు లేరు. ల్యాప్‌టాప్‌లు తుడవడం, చార్జింగ్ పెట్టడం, సంతకం తీసుకుని ఇవ్వడం, ఇదే పని. బయట పార్కింగ్‌లో ఎప్పుడూ నాలుగైదు ట్రక్కులుంటాయి, మా వైఫై గోడ దాటి వచ్చినంత మేర. వాటిలో ఒకటి వెర్లిండా ఎట్‌సిటీది. ముప్ఫై ఎనిమిది మైళ్ళు వస్తుంది, అందులో సగం బురద. ఇవాళ అసైన్‌మెంట్ అప్‌లోడ్ అయ్యేలోగా ట్రక్కు బ్యాటరీ దిగిపోయింది. నా కారు పక్కకి తెచ్చి వైర్లు తగిలించాను. చలికి పిల్ల ముక్కు ఎర్రగా అయిపోయింది. పిల్ల అంటున్నాను గాని ముప్ఫై ఏళ్ళుంటాయి.

దానికి ఇంకొక్క కోర్సు మిగిలింది. చలికాలపు కథలు. టీచర్ డిగ్రీకి అది తప్పదు. మే నెలలో డిగ్రీ చేతికొస్తే వాళ్ళ ఊరి బడిలో రెండో తరగతి దానిది. రాకపోతే ఇంకెవరికో ఇచ్చేస్తారు. ఆ కోర్సు చలికాలంలో తప్ప ఉండదు. చెప్పడానికి హాస్కీ టొహానీ తప్ప ఎవరూ లేరు. ఆయన ఇంట్లో కరెంటే లేదు, ఇక జూమ్ ఎక్కడిది? ఈ ఒక్క కోర్సు కోసం నలభై మంది కూర్చుని ఉన్నారు.

డిసెంబర్ 3, గురువారం

హాస్కీ మావయ్య ఇంటికి వెళ్ళొచ్చాను. మావయ్యంటే అమ్మకి తోడబుట్టినవాడు కాదు. మా అమ్మ వంశమే ఆయనదీ, మా డినె తెగవాళ్ళకి అది చాలు. మేనమామ అన్నాక మేనకోడల్ని ఏడిపించే హక్కు ఉంటుంది. ఆ హక్కుని ఆయన ఏనాడూ వృథా పోనివ్వలేదు. పెన్‌డ్రైవ్ చూపించి, మీ పాఠాలన్నీ ఇందులో పట్టేస్తాయి మావయ్యా అన్నాను. అటూ ఇటూ తిప్పి చూసి, నా పొట్టే పట్టదు, పాఠాలేం పడతాయి అన్నాడు. ఆయన చెల్లెలు డెల్ఫీన్ చిన్నమ్మ మగ్గం దగ్గర్నుంచే నవ్వింది. అన్నాచెల్లెళ్ళిద్దరే ఆ ఇంట్లో.

రికార్డింగ్ అనగానే ఆయన నవ్వు ఆగింది. ఆయన భయం నాకు ముందే తెలుసు. ఇవి పాములూ ఎలుగులూ నిద్రలో ఉన్నప్పుడే నోరు విప్పాల్సిన కథలు. తొలి ఉరుము ఉరిమిందంటే ఆ ఏటికి కట్టెయ్యాల్సిందే. పెన్‌డ్రైవ్‌కి చలికాలమేమిటి, వానాకాలమేమిటి? ఎవడో జూలైలో నొక్కితే ఆయన గొంతు జూలైలో మోగుతుంది.

గంట సేపు బతిమాలాను. వెర్లిండా ట్రక్కు సంగతి, దాని రెండో తరగతి సంగతి చెప్పాను. నీకెప్పుడూ ఎవరో ఒకరి పిచ్చి పట్టుకుంటుంది అని విసుక్కున్నాడు. చిన్నమ్మే నా తరఫున మాట్లాడింది. చివరికి పొయ్యిలో కట్టె తోసి, నా కళ్ళలోకి చూసి అన్నాడు.

“సరే. తొలి ఉరుము వినపడగానే అన్నీ చెరిపెయ్యాలి. నువ్వే, నీ చేత్తో. మిషను మీద వదిలెయ్యడం కాదు.”

ఒప్పుకున్నాను. చెయ్యి కలిపాం. రికార్డింగ్ లైబ్రరీ వెనక గదిలో. బయటివాళ్ళెవరూ లోపలికి రాకూడదని కాలేజీ రూలు. వెనక తలుపు తాళం నా దగ్గరే ఉంది. ఎవరికీ చెప్పనక్కర్లేదు.

డిసెంబర్ 8, మంగళవారం

పన్నెండింటిలో మూడు పాఠాలు అయ్యాయి. ఇరవై ఆరేళ్ళుగా చెబుతున్న మనిషి, కెమెరా ముందు మొదటి పావుగంట కొయ్యబొమ్మలా కూర్చున్నాడు. ఆ గాజు కన్నుకేసి చూసి ఎలా చెప్పమంటావని అడిగాడు. నాకేసి చూసి చెప్పండి అన్నాను. అప్పట్నుంచి నాకే చెప్పాడు, నలభై మందికి కాదు.

కిటికీ తెరవమని రెండుసార్లు అడిగాడు. తెరిస్తే మైకులో గాలి హోరు. మూసేశాను. గాలాడకపోతే కథకి ఊపిరాడదే అన్నాడు. కథ సంగతి నేను చూసుకుంటాలే మావయ్యా అన్నాను. మాస్కుతో గొంతు మూసుకుపోయినట్టు వస్తోందని ఆయన్ని మాస్కు తీసెయ్యమన్నదీ నేనే. నాది గడ్డం కిందికి లాక్కున్నాను, కళ్ళజోడు మీద ఆవిరి పట్టి ఏమీ కనబడటం లేదు మరి.

డిసెంబర్ 15, మంగళవారం

పన్నెండూ అయిపోయాయి. రేపట్నుంచి మంచు అన్నారని ఆయన పట్టుబట్టి ఇవాళే ముగించాడు. పొద్దున్న ఏడో పాఠం మధ్యలో నాకు దగ్గొచ్చింది. హీటరు దుమ్ము. ఆయన కథ ఆపి, నీళ్లు తాగమని కసిరి, మళ్ళీ వదిలిన మాట దగ్గరే అందుకున్నాడు. ఆ ముక్క కట్ చెయ్యాలి. తర్వాత చూస్తాను.

వెళ్తూ వెళ్తూ, నువ్వు మంచి శ్రోతవే, పెళ్ళి కాకపోవడానికి అదే కారణమేమో అన్నాడు. తలుపు మొహం మీద వేశాను. బయట నవ్వుకుంటూ పోయాడు.

డిసెంబర్ 17, గురువారం

కాఫీకి వాసన లేదు.

డిసెంబర్ 18, శుక్రవారం, ఉదయం 11

పాజిటివ్. నాకు పెద్దగా ఏమీ లేదు. కాస్త దగ్గు, ఒళ్ళు నొప్పులు.

ఆరోగ్య శాఖ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. గొంతు చిన్నపిల్లలా ఉంది. వారం రోజుల్లో ఎవరితోనైనా పావుగంట దాటి దగ్గరగా ఉన్నారా అని అడిగింది. లేదన్నాను. ఆఫీసులో? ఒక్కదాన్నే అన్నాను. అబద్ధం అంత సులువుగా వస్తుందని తెలియదు. పేరు చెబితే లైబ్రరీ రూలు బయటపడుతుంది. నా ఉద్యోగం పోతుంది. అంతకన్నా ముందు కోర్సు ఆగిపోతుంది. ఇలా అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను.

మావయ్యకి నేనే కబురు పంపిస్తాను. ఆయన ఫోన్ గుట్ట ఎక్కితే గాని మోగదు. సాయంత్రం నుంచి సోమవారం దాకా కర్ఫ్యూ.

డిసెంబర్ 21, సోమవారం

కబురు పంపలేదు. ఏమైనా అయ్యుంటే ఈపాటికి తెలిసేది. ఆయన గట్టి మనిషి.

డిసెంబర్ 23, బుధవారం

ఇవాళా పంపలేదు. ఇప్పుడు చెబితే, అయిదు రోజులు ఎందుకు ఆగావని అడుగుతారు.

డిసెంబర్ 29, మంగళవారం

చిన్నమ్మ ఫోన్ చేసింది, ఆసుపత్రి పార్కింగ్‌లోంచి. మావయ్యని హెలికాప్టర్‌లో ఫీనిక్స్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారట. ఆవిణ్ణి ఎక్కనివ్వలేదట. టోపీ ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళాడట. ఆ మనిషి టోపీ లేకుండా బయటికి రావడం నేనెప్పుడూ చూడలేదు.

జనవరి 6, 2021, బుధవారం

పోయాడు.

ఇకమీద ఈ పుస్తకంలో ఆ పేరు రాయను. వెనక పేజీల్లో రెండుచోట్ల ఉంది. కొట్టెయ్యాలా? కొట్టేస్తే ఇంకా బాగా కనిపిస్తుంది.

జనవరి 11, సోమవారం

మైల నాలుగు రోజులూ గడిచాయి. ఆ నాలుగు రోజులు ఏమీ రాయలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. మా పద్ధతి అదే కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు. పోయినవాళ్ళ గురించి నోరెత్తకూడదు, పేరెత్తకూడదు. ఇంత పెద్ద ఆచారం ఇంత బాగా పనికొస్తుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. దాని చాటున ఒక మనిషి నిలువునా దాక్కోవచ్చు.

వెనక గది తెరిచాను. కుర్చీ అలాగే ఉంది. కింద సీసా. ఆయన నీళ్ళ సీసా, చిన్నమ్మ నేసిన ఎర్ర ఉన్ని తొడుగుతో సహా. అడుగున రెండు వేళ్ళ ఎత్తు నీళ్ళున్నాయి.

పోయినవాళ్ళ వస్తువులు ఇంట్లో ఉంచకూడదు. జీను పాతిపెట్టారట, బట్టలు కాల్చారట. ఇదొక్కటి లెక్క తప్పిపోయి నా దగ్గర మిగిలింది. తిరిగి ఇవ్వాలంటే ఈ గదిలో ఏం జరిగిందో చెప్పాలి. ఇంకేదైనా పారెయ్యగలను గాని దీన్ని పారెయ్యలేను. పేపరు కవర్లో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాను.

జనవరి 12, మంగళవారం

పెన్‌డ్రైవ్‌లు పంచాలా వద్దా తేల్చమని డీన్ గారు అడిగారు. ఆయన తరఫువాళ్ళని అడగాలన్నాను. ఆయన తరఫువాళ్ళంటే చిన్నమ్మే.

గుమ్మం బయట చాలా దూరంగా నిలబడి మాట్లాడుకున్నాం. చనిపోయినవాళ్ళ గొంతు సంగతి పెద్దవాళ్ళెవరూ చెప్పలేదు, వాళ్ళ కాలంలో గొంతు మనిషితోనే పోయేది అంది ఆవిడ. చాలాసేపు గొర్రెలకేసి చూసింది. ఆయన ఉరుము దాకా అని మాటిచ్చాడు, ఉరుము దాకా చెప్పనివ్వండి అంది. వినలేనివాళ్ళు వినక్కర్లేదు. ఉరుము తర్వాత మాత్రం నువ్వు మాటిచ్చావు అని గుర్తుచేసింది.

ఇక వచ్చేస్తుంటే, నేను అడక్కుండానే చెప్పింది.

“నేనే కొట్టుకి పంపానే. పదహారో తారీకున. ఆలూగడ్డలు లేకపోతే కొంపలు మునుగుతాయా? కొట్లో జనం కిటకిటలాడుతున్నారన్నాడు. అక్కడే ఎవడో దగ్గి ఉంటాడు.”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి గొంతు మీదికి పోయింది. ఆవిడ చూడలేదు. తలుపు పక్కన ఆలూగడ్డల బస్తా ఉంది, మూతి కూడా విప్పలేదు.

నేను చెప్పాల్సిన చోటు అదే. జాగ్రత్త చిన్నమ్మా అని వచ్చేశాను.

జనవరి 19, మంగళవారం

కాపీ చేసేముందు ఏడో పాఠం తెరిచాను, దగ్గు కట్ చేద్దామని. తెర మీద గొంతు గీతలాగా కనబడుతుంది. ఆయన గొంతు సన్నగా, నింపాదిగా పోతుంటుంది. మధ్యలో నా దగ్గు మూడు దిబ్బలు. కత్తెర గుర్తు నొక్కితే చాలు.

కాని దిబ్బల వెనకే ఆయన మాట ఉంది. తల తిప్పి, కెమెరాని కాకుండా నన్ను చూసి అంటాడు.

“ఇదిగో, నీళ్లు తాగవే పిల్లా. కథ ఎక్కడికీ పోదు.”

సీసా పట్టుకున్న చెయ్యి ముందుకొచ్చి తెర దాటుతుంది. కాసేపటికి ఖాళీగా వెనక్కి పోతుంది.

ఆ రోజు ఇందులో సీసా సంగతి రాయలేదు. ఎవరూ చదవని పుస్తకంలో కూడా రాయలేదు. ఆయన సీసాలోంచే తాగాను. తాగి తిరిగిచ్చాను. ఎనిమిదో పాఠం ఎనిమిదో నిమిషంలో ఆయన మూత తీసి తాగుతాడు. చొక్కా చేత్తో మూతి తుడుచుకుంటాడు. అది కూడా ఉంది.

కొట్లో అయ్యుండొచ్చు. పదిహేనో తారీకు నేను, పదహారో తారీకు కొట్టు, ఎవరు చెప్పగలరు? ఎవరూ చెప్పలేరు. నేను మాత్రం ఆ ఎనిమిదో నిమిషం చూశాను.

దగ్గు తీసేస్తే ఆ మాటా పోతుంది. మాట ఉంచితే దగ్గూ ఉంటుంది. అరగంట కూర్చుని, అలాగే వదిలేశాను. తర్వాత నలభై పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించాను. ప్రతిదీ ఆడుతోందో లేదో చూడాలి, అది నా పని. ఏడో పాఠం నలభై సార్లు. నలభై సార్లు దగ్గాను. నలభై సార్లు నీళ్లు తాగమన్నాడు.

జనవరి 27, బుధవారం

పంచడం అయింది. బురదలో నూట తొంభై మైళ్ళు. పదకొండుమంది వద్దన్నారు. ఒకరి అమ్మ పెన్‌డ్రైవ్ కవర్ని పుల్లతో నా కారు వైపుకే తోసేసింది. తప్పు పట్టను. ఆ పదకొండుమందికీ వచ్చే చలికాలం దాకా గడువిస్తామన్నారు డీన్ గారు. అప్పుడు చెప్పేదెవరో ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు.

వెర్లిండాకి వచ్చే చలికాలం పనికిరాదు. వాళ్ళ అమ్మమ్మ మాత్రం లేని మనిషి గొంతు ఇంట్లో వినపడకూడదని ఖరాకండీగా చెప్పేసిందట. సరే, ట్రక్కులో వింటానంది. గొర్రెల దొడ్డి అవతల, ఇంటికి వినపడనంత దూరంలో ఆపుకుని. ల్యాప్‌టాప్ చార్జింగుకి నేనిచ్చిన సోలార్ పలక ట్రక్కు కప్పు మీద కట్టుకుంది. ప్రశ్నలేమైనా ఉంటే కాగితం మీద రాసి చాప్టర్ హౌస్, అదే మా పంచాయితీ ఆఫీసు, దగ్గర పెట్టెలో వెయ్యమన్నాను. ప్రతి బుధవారం తీసుకెళ్తాను. ఆయన ఇదివరకెప్పుడో కాలేజీకిచ్చిన పసుపు కాగితాల నోట్సు నా దగ్గరుంది, అందులో ఉన్న జవాబు రాసి పంపమని డీన్ గారే చెప్పారు.

మధ్యాహ్నం మూడింటికి తిరిగొస్తుంటే ఆ దారినే రావాలి. మంచు తెల్లగా, చదునుగా ఉంది. ట్రక్కు అద్దం దించి ఉంది. ఆయన నవ్వుతున్నాడు. మొదటి పాఠంలో నవ్వు. ఆ మైదానంలో ఇంకే చప్పుడూ లేదు. కారు ఆపేశాను. నవ్వు అయ్యేదాకా ముందుకి కదల్లేకపోయాను. వెర్లిండా కుక్క నా కారు దగ్గరికొచ్చి, నన్ను చూసి, ఏమనుకుందో వెనక్కి పోయింది.

ఫిబ్రవరి 3, బుధవారం

వెర్లిండా ప్రశ్నలు అయిదు. బుర్ర ఉన్న పిల్ల. జవాబులన్నీ ‘నోట్సులో ఇలా ఉంది’ అని మొదలుపెట్టాను. నా మాటగా ఒక్క అక్షరం రాయలేదు.

ఫిబ్రవరి 17, బుధవారం

టీకా రెండో డోసు వేయించుకున్నాను. వరసలో నా ముందు చిన్నమ్మ. చిక్కిపోయింది. కొట్టుకి వెళ్ళడం మానేసిందట. కావలసినవి పక్కింటివాళ్ళు తెచ్చి గుమ్మంలో పెడుతున్నారు. ఆ కొట్టు పచ్చ రంగు తలుపు చూస్తే కాళ్ళు రావడం లేదు అంది. సూది వేసే అబ్బాయి జబ్బ చూపించమంటే నేను మళ్ళీ చెప్పేదాకా వినపడలేదు ఆవిడకి.

ఆ కొట్టు నన్నేం చేసింది? నాకు బదులు నేరం మోస్తోంది. చిన్నమ్మా మోస్తోంది. నేనొక్కదాన్నే తేలిగ్గా తిరుగుతున్నాను.

ఫిబ్రవరి 24, బుధవారం

ఇవాళ దారిలో మూడు చోట్ల ఆయన గొంతు వినపడింది. ఒక ట్రక్కులోంచి, ఒక పాక వెనకనుంచి, ఇంకోటి గుట్ట మీద కూర్చున్న ఎవరి ఒళ్ళోంచో. అందరూ ఇంటి బయటే వింటున్నారు. ఊరి చుట్టూ తిరుగుతున్నాడు, ఏ ఇంట్లోకీ పోవడం లేదు. నేనే తిప్పుతున్నాను.

బీరువా తాళం రోజూ ఒకసారి లాగి చూస్తున్నాను.

మార్చి 3, బుధవారం

వెర్లిండా కాగితం. ప్రశ్నలు మూడు. మొదటి రెండూ కథల గురించి. మూడోది ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

‘ఏడో పాఠంలో కెమెరా వెనక ఎవరో దగ్గారు. మాస్టారు నీళ్ళిచ్చారు. వాళ్ళు తాగారా? ఇప్పుడు బాగున్నారా?’

రెండింటికి జవాబు రాసి పంపాను. మూడోది చించి జేబులో పెట్టుకున్నాను. ఇరవై తొమ్మిది మంది విన్నారు. ఒక్కరే అడిగారు. ఎందుకడిగిందో ఆలోచిస్తే దాని మనసులో ఏమీ లేదనే అనిపిస్తుంది. ఎవరైనా దగ్గితే బాగున్నారా అని అడుగుతాం. నేను తప్ప అందరూ అడుగుతారు.

మార్చి 6, శనివారం

పడమర మబ్బులు. రోజంతా వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఉరమలేదు.

ఉరమాలని కోరుకున్నాను. ఉరిమితే అన్నీ చెరిపెయ్యాలి. చెరిపేస్తే దగ్గుండదు, సీసా పట్టుకున్న చెయ్యి ఉండదు, ఎనిమిదో నిమిషం ఉండదు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నదాన్ని అవుతాను, తప్పించుకున్నదాన్నీ అవుతాను. ఎంత చక్కగా కుదిరిందో చూడు.

మార్చి 10, బుధవారం

వెర్లిండా చివరి వ్యాసం ఇచ్చేసింది. పన్నెండు పేజీలు, చేత్తో రాసింది. నేను స్కాన్ చేసి డీన్ గారికి పంపాను. వెనక చిన్న కాగితం పిన్ను కొట్టి ఉంది. పోయినవారం మూడో ప్రశ్నకి జవాబు రాలేదు, తెలియకపోతే ఫర్వాలేదు అని.

తెలియకపోతే ఫర్వాలేదు.

మార్చి 13, శనివారం, సాయంత్రం 4

ఉరిమింది. దక్షిణాన, దూరంగా. ఒక్కసారే. కుక్కలన్నీ మొరిగాయి.

మార్చి 15, సోమవారం

పొద్దున్న లైబ్రరీకి వచ్చేసరికి తలుపు ముందు పెట్టె నిండిపోయి ఉంది. ఇరవై తొమ్మిదికి ఇరవై తొమ్మిదీ. నేను ఒక్క మెయిల్ పంపలేదు, ఒక్క ఫోన్ చెయ్యలేదు. ల్యాప్‌టాప్ తిరిగివ్వమంటే ఆరు నెలలు తిప్పుతారు ఈ మనుషులే. ఆదివారం బురదలో పడి వచ్చి ఇచ్చి పోయారు.

నలభై పెన్‌డ్రైవ్‌లు, ఒక్కొక్కటీ నా చేత్తో. గుచ్చడం, చెరపడం, తీయడం. నిజంగా చెరపమంటారా అని ప్రతిసారీ అడుగుతుంది మిషను. చివరికి నా కంప్యూటర్‌లో ఉన్న అసలు కాపీ. ఏడోది ఒక్కసారి వినాలనిపించింది. ఆ ఒక్క మాట. వేలు మీట మీదే ఉంది. ఉరుము తర్వాత వినకూడదు. వినలేదు.

చెరిపేశాను. వెతికితే ఎక్కడా లేదు. ఇక ఎవరూ ఏమీ అనలేరు.

మధ్యాహ్నం దాకా తేలిగ్గా ఉంటుందేమో అని చూశాను. లేదు. లైబ్రరీ అంతా నిశ్శబ్దంగా ఉంది. నిజంగానే పోయాడు ఇవాళ. ఇప్పుడు ఆ దగ్గు నాలో తప్ప ఎక్కడా లేదు. ఇరవై తొమ్మిదిమందికి పంచి పెట్టినప్పుడే నయం.

మార్చి 16, మంగళవారం

బీరువా తీసి, కవరుతో సహా కారులో పెట్టుకుని చిన్నమ్మ ఇంటికి వెళ్ళాను.

ఆవిడ మగ్గం ముందుంది. కూర్చోమంది. నేను నిలబడే చెప్పాను. మూసిన కిటికీ, గడ్డం కింద మాస్కు, దగ్గు, సీసా, ఎనిమిదో నిమిషం. ఆ ఫోన్ చేసినమ్మాయి అడిగితే ఎవరూ లేరన్న సంగతి. కర్ఫ్యూ అయ్యాక సోమవారం, బుధవారం కూడా కబురు పంపని సంగతి. ఏదీ మిగల్చలేదు. ఆవిడ నా వైపు తిరగలేదు. చేతిలోని మగ్గం దువ్వెన దారాల మధ్య ఆగిపోయింది.

“అయితే ఆలూగడ్డలు కాదన్నమాట,” అంది.

కొట్లో కూడా అయ్యుండొచ్చు చిన్నమ్మా, ఎవరూ ఖాయంగా చెప్పలేరు అన్నాను. అది నిజమే. కాని నేనన్నది ఆవిడ కోసం కాదు. ఆవిడకి తెలిసిపోయింది.

“ఇప్పుడు నా మీద జాలి పడకు. రెండు నెలలు నా గుమ్మంలోకి వచ్చావు, వెళ్ళావు. ఉరుము దాకా ఎందుకాగావే?”

“చెరిగిపోతే చాలనుకున్నాను.”

“చాల్లేదా?”

చాల్లేదన్నాను. అప్పుడు ఏడుపొచ్చింది. ఆవిడ ఓదార్చలేదు. లేచి బయటికెళ్ళి గొర్రెలకి గడ్డి వేసింది, అవసరమైనదానికంటే చాలాసేపు. నేను ఆ ఇంట్లో ఒక్కదాన్నే నిలబడ్డాను. బస్తా అక్కడే ఉంది. గోనె సందుల్లోంచి తెల్లటి మొలకలు జానెడు పొడవు బయటికొచ్చాయి.

తిరిగొచ్చి సీసా ఏదని అడిగింది. కారులో ఉందన్నాను.

“నేలింకా గట్టిగానే ఉంది. పార దొడ్డి వెనకుంది. నువ్వే తవ్వు.”

చోటు వేలితో చూపించి తను గుమ్మంలోనే నిలబడిపోయింది. మోకాలి లోతు తవ్వేసరికి గంట పట్టింది. అడుగున ఆ రెండు వేళ్ళ నీళ్ళు ఇంకా ఉన్నాయి. పారబొయ్యలేదు, మూత తియ్యలేదు. ఉన్ని తొడుగుతోనే పెట్టి మట్టి కప్పాను. కారు ఎక్కేదాకా ఆవిడ నన్ను చూస్తూనే ఉంది. మళ్ళీ రమ్మనలేదు, రావద్దనీ అనలేదు. నేను అడగలేదు.

మార్చి 17, బుధవారం

చాప్టర్ హౌస్ పెట్టెలో వెర్లిండాకి ఒక కాగితం వేశాను.

‘మూడో ప్రశ్నకి జవాబు నోట్సులో లేదు. తాగాను. తర్వాత ఆయన కూడా అందులోంచే తాగారు. నేను బాగున్నాను. అర్లీన్ బిట్సిల్లి.’